నీతిరాజు పాఠం, నేను చెప్పిన తప్పు తీర్పు

బైబిలు స్త్రీ అంటే ఏం పని చేస్తుందని ఈ మధ్య ఒక అమ్మాయి అడిగింది. ఈ పనిలోకి కొత్తగా వస్తోంది. ట్రైనింగ్ అయింది. మంచి సంచి కొనుక్కుంది. కాళ్ళకు మాత్రం పెళ్ళిళ్ళకు వేసుకునే చెప్పులున్నాయి.

"ముందు చెప్పులు మార్చు తల్లీ. ఈ పనిలో ఎక్కువ భాగం నడకే" అన్నాను.

నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

ముప్పై ఏళ్ళకు పైగా ఆ పని చేశాను. మోకాళ్ళు వద్దన్నాక మానేశాను. పుట్టింది బోనకల్ దగ్గర పల్లెలో, చదివింది ఐదో తరగతి. పని చేసింది దమ్మపేట దాటాక అడవి మొదలయ్యే గూడేలలో. ఆడవాళ్ళు పని చేసుకునే చోటికి వెళ్ళి, వాళ్ళతో పాటు ఏదో ఒక పని అందుకుని, బైబిలు వాక్యం చెప్పి రావడం నా ఉద్యోగం. చెప్పడం కంటే వినడం ఎక్కువ ఉండాలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రిపోర్టులు ఎలా రాయాలో, మీటింగుల్లో ఎక్కడ కూర్చోవాలో కొత్తగా వచ్చే మీకు వేరేవాళ్ళు చెబుతారు. నేను ఒక్క పాఠం గురించి చెబుతాను. నా నోటికి అన్నిటికంటే బాగా వచ్చిన పాఠం అది. నేను అన్నిటికంటే పెద్ద తప్పు చేసింది కూడా ఆ పాఠం దగ్గరే.

వేరుశనగ కాయలు ఒలుస్తూ

నాకు పని నేర్పింది మార్తమ్మగారు. బక్క మనిషి, గట్టి గొంతు. నాకు చదవడం నెమ్మది. ఒక్కో మాట కూడబలుక్కుని చదివేసరికి వాక్యం మొదలు మరచిపోయేదాన్ని. మార్తమ్మగారు వారం చూసి, నా చేతిలో పుస్తకం తీసి పక్కన పెట్టి, చాటలో వేరుశనగ కాయలు పోసింది.

"ఒలువు. నేను మూడుసార్లు చదువుత. నువ్వు రాసుకోకు. రాసుకుంటె కాయితానికి గుర్తుంటది, నీకుండదు."

మూడుసార్లు చదివాక నన్ను నీళ్ళకు పంపేది. బిందె తెచ్చి దించాక, "ఇప్పుడు చెప్పు" అనేది. మధ్యలో తప్పితే మళ్ళీ బిందె. అలా ఆ ఇంటి గోలెం నిండింది, నాకు అధ్యాయాలకు అధ్యాయాలు నోటికొచ్చాయి.

అలా నేర్చుకున్నదే నీతిరాజు పాఠం. యెషయా ప్రవక్తకు కలిగిన దర్శనం. తెలియనివాళ్ళ కోసం నా మాటల్లో చెబుతాను.

ఆయన కాలంలో యెరూషలేములో దావీదు మహారాజు వంశం రాజులే ఉన్నారు కాని, దావీదు మంచితనం మిగల్లేదు. పేదవాడి తగాదా పెద్దవాడి వైపే తేలేది. విధవ సొత్తు, దిక్కులేని పిల్లల సొత్తు కాగితం మీద రాసి మరీ లాక్కునేవాళ్ళు. అవతల అష్షూరు అనే పెద్ద రాజ్యం గొడ్డలి పట్టుకున్నవాడిలా ఊళ్ళు నరుక్కుంటూ వస్తోంది. ఆ గొడ్డలి పట్టినవాళ్ళే ఒకనాడు అడవిలా కూలుతారని ప్రవక్త చూశాడు. తమ సొంత రాజవంశం కూడా మొదలంటా కొట్టేసిన చెట్టులా మొద్దే మిగులుతుందని చూశాడు. ఆ మొద్దుకు ఒక చిగురు లేస్తుంది. ఆ చిగురే రాబోయే రాజు. దేవుని ఆత్మ ఆయన మీద నిలుస్తుంది. కంటికి కనబడిందని ఆయన తీర్పు ఇవ్వడు, చెవిన పడిందని తేల్చెయ్యడు. పేదల సంగతి న్యాయంగా చూస్తాడు. ఆయన ఏలుబడిలో తోడేలు, గొర్రెపిల్ల ఒక చోట పడుకుంటాయి. సింహం గడ్డి మేస్తుంది. పసిబిడ్డ పాము పుట్ట దగ్గర ఆడుకున్నా ఏమీ కాదు.

ఇందులో మార్తమ్మగారు నాకు రెండు సంగతులు చూపించింది. ఆ మొద్దును ప్రవక్త దావీదు పేరుతో పిలవడు. దావీదు తండ్రి యెష్షయి పేరుతో పిలుస్తాడు. కిరీటం, కోట ఏవీ లేనప్పటి మామూలు ఇల్లు అది. "రాజు మల్ల రావాలంటె రాజు కాని ఇంటిదాక ఎనక్కి పోవాలె" అనేది. రెండోది, ఆ రాజు నడుముకు కట్టుకునేది కత్తి కాదు, నీతి.

అప్పట్లో మా మీద ఉన్న పాస్టరు అయ్యగారి పద్ధతి వేరు. "ఆ రాజు యేసుప్రభువే అని మొదటి మాటలో చెప్పేయండి, ప్రార్థన చేసి వచ్చేయండి. అరగంట చాలు" అనేవారు. ఆయన చెప్పింది నేనూ నమ్ముతాను. కాని జవాబు ముందే పెట్టేస్తే వినేవాళ్ళకు ప్రశ్న పుట్టదు. మార్తమ్మగారు ఒకసారి ఆయన ముందే అనేసింది. "అయ్యగారూ, యూదులు ఆ రాజు కోసం ఇంకా ఎదురు చూస్తనే ఉన్నరు. ఎదురుచూసుడు ఎట్లుంటదో తెలువకుంట, వచ్చిండు అని చెప్పుకుంటె మనకేం అర్థమైనట్టు?" అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఆ మాట నేను ఎప్పుడూ విడిచిపెట్టలేదు.

మొద్దు సంగతి నాకేం తెలుసు

ఆ పాఠం గూడెంలో మొదటిసారి చెప్పినప్పుడు నవ్వులపాలయ్యాను.

బీడీలకు వాడే తునికాకు సీజనుకు ముందు తునికి మొక్కల్ని మొదలు దాకా కొట్టే పని ఉంటుంది. ఆడవాళ్ళు పని ఆపి నీళ్ళు తాగుతుంటే నేను మొదలుపెట్టాను. "కొట్టేసిన మొద్దు. ఇక దాని పని అయిపోయిందనుకున్నరు. అప్పుడు ఒక అద్భుతం జరిగింది, ఆ మొద్దు చిగురేసింది!"

లచ్చమ్మ పకపకా నవ్వింది. లచ్చమ్మ ఆ గూడెం కోడలు, మా సంఘంలో మనిషి. రోడ్డు పక్క ఊళ్ళో పుట్టి, హాస్టల్లో ఉండి చదువుకుంది. ఇంటి భాష కోయతో పాటు తెలుగూ గలగలా మాట్లాడుతుంది.

"ఏందమ్మా, మొద్దు చిగురేస్తె అద్భుతమా? మరి పొద్దుగాలనుంచి మేం చేస్తున్నదేంది? కొడితెనె కదా లేతాకు వచ్చేది. కొట్టకపోతె ముదురాకే ఉంటది. గది ఎవడు కొంటడు?"

ఇంకో ముసలామె అందుకుంది. "అడవి నరికి పోడు చేసినోళ్ళ నడుములనడుగు. ఆ పిలకలు కొట్టలేక సస్తం. అమ్మ గొడ్డలి పట్టలే గదా, అందుకే అద్భుతమంటంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను. తర్వాత ముసలామెను అడిగాను. "మరి అన్ని మొద్దులూ చిగురేస్తయా?"

"ఏర్లు బతికుంటె ఏస్తది. మంట ఏరు దాక పోతె ఇగ రాదు."

"వేరు బతికుందని ఎట్ల తెలుస్తది?"

"తెల్వదు. చిగురు కనబడ్డదాక ఎవలకూ తెల్వదు. తవ్వి చూస్తివా, చూసినందుకే సస్తది."

ప్రవక్త ఏం చెప్పాడో నాకు ఆ రోజు ఆమె చెప్పింది. అన్నీ కొట్టేసిన కాలంలో కూర్చుని, తవ్వి చూడకుండా ఓపిక పట్టినవాడి మాట అది. ఆ తర్వాత నేను ఈ పాఠంలో అద్భుతం అన్న మాట వాడలేదు. సింహం గడ్డి మేస్తుందని చెప్పినప్పుడు లచ్చమ్మ "ఇగ మా ఎడ్లకేం మిగులుద్ది?" అంటే దానికీ నవ్వుకున్నాం. పాము పుట్ట దగ్గర బిడ్డ అనగానే మాత్రం చంటిపిల్లల తల్లులు నవ్వడం ఆపారు. రాజు మంచివాడో కాదో తల్లికి కునుకు పడుతుందా లేదా అన్నదాన్ని బట్టి తెలుస్తుందని వాళ్ళకు నేను చెప్పక్కర్లేకపోయింది.

ఆ గుంపులో చివర కూర్చునే ఒకామె ఉండేది, జోగమ్మ. రాష్ట్ర సరిహద్దు అవతల లోపలి అడవి ఊరి నుంచి ఆ గూడేనికి కోడలై వచ్చింది. మా సంఘం కాదు. వాళ్ళ ఇంటి దేవర్లు వాళ్ళకున్నారు. తోటి ఆడవాళ్ళు వస్తున్నారని వచ్చేది. అందరూ నవ్విన కాసేపటికి ఆమె నవ్వేది. కొంచెం మందబుద్ధి మనిషి అనుకున్నాను. పక్కనున్నామె కోయలో చెప్పేదాకా ఆమెకు ఏమీ తెలియదని, అందుకే నవ్వు ఆలస్యమవుతోందని నాకు తట్టలేదు. ఇలాంటివి తట్టకపోవడమే ఈ పనిలో అసలు తప్పు. మిగతా తప్పులన్నీ దాని పిల్లలే.

ఎవరి రాజు వాళ్ళకు

పంచాయతీ ఎన్నికలప్పుడు ఈ పాఠానికి గిరాకీ ఎక్కువ. ఒకసారి పోటీ చేసే ఒకాయన చెల్లెలు వచ్చి, "అమ్మా, ఈ ఆదివారం చిగురు వాక్యం చెప్పు, మా అన్న కూడ చిగురు లెక్క చిన్నోడే కదా" అంది. చెప్పనన్నాను. అవతలివాళ్ళకు ఈ సంగతి తెలిసి, మంచి పని చేశానని టీ పోశారు. వాళ్ళూ తమ మనిషి కోసం అదే వాక్యం అడగబోయారట, టీ తాగాక తెలిసింది.

నవ్వుకోండి, కాని జాగ్రత్తగా ఉండండి. మన మనిషిని ఆ రాజు కుర్చీలో కూర్చోబెట్టకూడదని నాకు బాగా తెలుసు. నేనే పోయి కూర్చుంటానని మాత్రం అనుకోలేదు.

ఇప్పచెట్టు కింద

ఇప్పపువ్వు రాలే ముందు ఎవరి చెట్టు కింద వాళ్ళు ఆకులు తగలబెట్టి, శుభ్రంగా ఊడ్చుకుంటారు. నేల నున్నగా ఉంటే తెల్లవారి రాలిన పువ్వు తెల్లగా కనిపిస్తుంది, ఏరుకోవడం సులువు. అడవిలో ఉన్నా ఏ చెట్టు ఏ ఇంటిదో గూడెంలో అందరికీ తెలుసు. కాగితం ఉండదు, కంచె ఉండదు. తేడా వస్తే గూడెం పెద్ద, పటేలు చెబుతాడు.

ఆ ఏడాది లచ్చమ్మకూ జోగమ్మకూ ఒక చెట్టు దగ్గర తగువు వచ్చింది. ఇద్దరి చేలకు మధ్య గట్టున ఉన్న పెద్ద చెట్టు. లచ్చమ్మకు అది కాకపోయినా జరుగుతుంది, వాళ్ళకు వేరే చెట్లున్నాయి, భర్త అశ్వారావుపేట పామాయిలు తోటల్లో పనికి పోతాడు. జోగమ్మ భర్త తాటిచెట్టు మీంచి పడి కాలు విరిగి మంచంలో ఉన్నాడు. ఆ చలికాలమే మామ పోయాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఆ పువ్వు ఎండబెట్టి సంతలో వేస్తేనే ఎండాకాలం బియ్యం. మిగిలింది ఉడకబెట్టుకు తింటారు. ఆ చెట్టు పోతే ఆ ఇంటికి వానలదాకా వేరే దారి లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా చేశాను.

పటేలు కంటి ఆపరేషన్ కోసం భద్రాచలం దవాఖానాకు పోయాడు. లచ్చమ్మ అత్త, పాతకాలం సంగతులు తెలిసిన మనిషి, కూతురి పురుడుకు వెళ్ళింది. పువ్వు మాత్రం రేపో మాపో రాలేట్టుంది, ఆగదు. అప్పుడు ఎవరో అన్నారు. "అమ్మ ఉంది గదా. న్యాయం చెప్పే రాజు సంగతంత ఆమె నోట్లెనె ఉన్నది. ఆమెనే చెప్పమనుర్రి."

కాదనాల్సింది. కాదనలేదు. నిజం చెబుతున్నాను, ఆ మాట విన్నప్పుడు నాకు లోపల చల్లగా తగిలింది.

వెళ్ళి చెట్టు చూశాను. కింద బూడిద, చీపురు గీతలు, అద్దంలా నేల. "ఎవరు ఊడ్చిన్రు?" అన్నాను.

"నేనే అమ్మా. మా అత్త చెప్పిపోయింది, ఆ చెట్టు కింద బాగు చెయ్యి అని. మాది కాకపోతె ఎందుకు చెప్తది?" అంది లచ్చమ్మ. మా సంఘం ఆడవాళ్ళు ముగ్గురు అవునన్నారు, లచ్చమ్మ ఊడుస్తుంటే చూశామన్నారు.

జోగమ్మ వైపు తిరిగాను. "నువ్వేమంటవు?"

ఆమె కోయలో చాలాసేపు మాట్లాడింది. చేయి చెట్టు వైపు చూపింది, తన ఇంటి వైపు చూపింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? లచ్చమ్మనే అడిగాను. "ఏమంటంది?"

"ఊడ్చింది నేనేనని ఆమె కూడ ఒప్పుకుంటంది అమ్మా. ఇంట్ల చావు అయిందని ఏడుస్తంది."

ఇంకేముంది. కంటికి కనబడింది, చెవిన పడింది. "చెట్టు లచ్చమ్మది" అన్నాను. జోగమ్మకు ఓదార్పుగా నాలుగు మంచి మాటలు కూడా చెప్పాను, తెలుగులో. ఆమె గంప తీసుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నేను హాయిగా అన్నం తిన్నాను.

పటేలు నల్లద్దాలు

పది రోజులకు పటేలు నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చాడు. ఆయన మా ప్రార్థన కూటానికి ఎన్నడూ రాలేదు. కాని నేను ఆ గూడెం వెళ్తే చాప వేయించి కూర్చోబెట్టేవాడు. ఆ రోజు చాప వేయించలేదు.

"నా కండ్లు బాగైనయి చెల్లె. నీ కండ్లకేమైంది?" అన్నాడు.

"ఏమైందన్నా?" అన్నాను.

"చెట్టు కింద ఊడ్చింది లచ్చమ్మనే. అవ్, నిజమే. ఎందుకు ఊడ్చిందో అడిగినవా?"

అప్పుడు చెప్పాడు. ఆ గూడెంలో ఒక పద్ధతి ఉంది. చావు అయిన ఇంటివాళ్ళు పెద్దలకు చేయాల్సిన కార్యం చేసేదాకా తమ చెట్టు కింద నిప్పు పెట్టరు, చీపురు ముట్టరు. పువ్వు ఆగదు కాబట్టి పక్కింటివాళ్ళు ఊడ్చి పెడతారు. ఊడ్చినందుకు ఏమీ అడగరు. లచ్చమ్మ అత్త అలా ఊడ్చిపెట్టమని కోడలికి చెప్పి వెళ్ళింది. రోడ్డు ఊరి నుంచి వచ్చిన కోడలికి ఆ పద్ధతి తెలియదు. విడమరిచి చెప్పాలని అత్తకు తట్టలేదు, పుట్టినప్పటి నుంచి చూసినదాన్ని ఎవరు విడమరిచి చెబుతారు?

"ఆ నేల మీద ఇంకొకల చీపురు గీతలుంటె, ఆ ఇంట్ల ఏడుపున్నదని అర్థం. చెట్టు మారిందని కాదు" అన్నాడు పటేలు. "జోగమ్మ నీకు గదే చెప్పింది. మా ఇంట్ల చావు గాబట్టి వాళ్ళు ఊడ్చిన్రు అని. ఆడున్న మా పిల్లలంత విన్నరు."

"మరి ఎవ్వరూ నాకెందుకు చెప్పలేదన్నా?"

"నువ్వు ఎవ్వల్ని అడిగినవ్?"

జోగమ్మ గెలవాల్సిన మాటే జోగమ్మ మీదికి తిరిగింది. అద్దంలా ఊడ్చిన నేల చూసి నేను హక్కు అనుకున్నాను, అది దుఃఖం. తగువులో ఉన్న మనిషినే అవతలి మనిషికి నోరుగా పెట్టాను. పైగా లచ్చమ్మ మా మనిషి, మా మాట మాట్లాడే మనిషి. జోగమ్మ రెండూ కాదు. నా తీర్పు ఆమె నోరు తెరవక ముందే సగం అయిపోయింది.

లచ్చమ్మ కావాలనే సగం చెప్పిందా అని మీరు అడుగుతారు. ఆమె తర్వాత నాతో అంది, "చావు సంగతి చెప్పుకుని ఏడుస్తందనుకున్న, చెట్టు సంగతనుకోలే" అని. నిజమై ఉండొచ్చు. చెట్టు తనకు కావాలని ఉన్న మనిషికి అలాగే వినబడి ఉండొచ్చు కూడా. నేను తేల్చలేదు. మనుషుల లోపలిది తేల్చే పని నాది కాదని అప్పటికి బుద్ధి వచ్చింది.

అయ్యగారి సలహా

అయ్యగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు. నాకు జ్వరం వస్తే తన మోటారు సైకిలు మీద దవాఖానాకు తీసుకెళ్ళిన మనిషి. కాని పది ఊళ్ళ సంఘాలు విడిపోకుండా చూసుకునేవారికి ఒక భయం ఉంటుంది.

"ఇప్పుడు తీర్పు మార్చావంటే రేపు నువ్వు చెప్పే వాక్యానికి కూడా విలువ ఉండదమ్మా. లచ్చమ్మ నొచ్చుకుంటుంది, ఆ ఇల్లు మనకు దూరమవుతుంది. ఎలాగూ సగం పువ్వు రాలిపోయింది. వచ్చే ఏడాదికి వాళ్ళ పటేలే సర్దుతాడు. ఊరుకో" అన్నారు.

"వచ్చే ఏడాది దాకా జోగమ్మ పిల్లలు ఏం తింటరు అయ్యగారూ?"

"మనం ఏదైనా సాయం చేద్దాం. బియ్యం ఇద్దాం."

దాని గురించి దారి పొడుగునా ఆలోచించాను. బియ్యం ఇస్తే ఆకలి తీరుతుంది. కాని ఆమెది ఆమె దగ్గర లాగేసుకుని, మళ్ళీ మనం దయగా ఇచ్చినట్టు ఉంటుంది. ఆ రాజు పేదలకు బియ్యం పోస్తాడని ప్రవక్త అనలేదు. వాళ్ళ సంగతి న్యాయంగా చూస్తాడన్నాడు. రెండూ ఒకటి కాదు. ఈ ఒక్క సంగతిలో నేను అయ్యగారి మాట వినలేదు. మీ పై వాళ్ళ మాట ఎప్పుడూ వినవద్దని చెప్పడం లేదు. తప్పు మీదైనప్పుడు దాన్ని కప్పమనే సలహా ఎంత మంచి మనిషి ఇచ్చినా తీసుకోవద్దంటున్నాను.

మర్నాడు పొద్దున పటేలుతో కలిసి చెట్టు దగ్గరికి వెళ్ళాను. లచ్చమ్మ పువ్వు ఏరుతోంది. చుట్టుపక్కల చెట్ల కింద ఉన్న ఆడవాళ్ళు గంపలు పట్టుకుని వచ్చారు. జోగమ్మను పిలిపించాను. అందరిముందూ చెప్పాను. "నేను తప్పు తీర్పు చెప్పిన. నాకు తెలువని సంగతి మీద, నాకు రాని మాట విని చెప్పిన. చెట్టు జోగమ్మది." పటేలు దాన్ని కోయలో చెప్పాడు.

లచ్చమ్మ గంప కింద పడేసింది. "నన్ను దొంగను చేస్తున్నవా అమ్మా?"

"నువ్వు దొంగవు కాదు బిడ్డా. తీర్పు నాది, తప్పు నాది."

"నువ్వే నాదంటివి, నువ్వే కాదంటివి. ఇగ ఏ మాట నమ్మాలె నీది?"

"రెండోది నమ్ము. మొదటిది చెప్పినప్పుడు నాకు చాలా తెలుసనుకున్న."

ఎవరో కిసుక్కున నవ్వారు. లచ్చమ్మ నవ్వలేదు. అప్పటికి ఏరి ఎండబెట్టిన పువ్వు జోగమ్మ ఇంటికి చేర్చాలని, ఏరిన కష్టానికి లచ్చమ్మ కొంత ఉంచుకోవాలని పటేలు చెప్పాడు. అది ఆయన తీర్పు.

లచ్చమ్మ రెండేళ్ళు మా కూటానికి రాలేదు. దారిలో కనబడితే తల తిప్పుకునేది. అయ్యగారు చెప్పినట్టే అయింది, ఆ విషయంలో ఆయన లెక్క తప్పలేదు. తర్వాత ఆమె కూతురికి బాగాలేనప్పుడు తనే కబురు పంపింది, వెళ్ళాను. ఆ చెట్టు మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కాని నేను చెప్పేది వింటున్నప్పుడు ఆమె మొహంలో పాత నమ్మకం మళ్ళీ కనబడలేదు. తప్పు దిద్దుకుంటే అన్నీ వెనక్కి వస్తాయని మీకు ఎవరైనా చెబితే, నేను అలా చెప్పలేదని గుర్తుపెట్టుకోండి.

కోయ నేర్చుకోవడం ఆ ఏడాదే మొదలుపెట్టాను. ముసలిదాన్నయ్యేదాకా వంకరగానే వచ్చింది. మీరు చిన్నవాళ్ళు, నేర్చుకోండి. వాక్యం చెప్పడం కోసం కాదు, వినడం కోసం. తగువు తీర్చమంటే, మీకు ఎంత పొగడ్త అనిపించినా, ఆ ఊరి పెద్దల దగ్గరికి పంపండి.

జోగమ్మ అడిగింది

చెట్టు జోగమ్మదని అందరిముందూ చెప్పిన రెండు రోజులకు ఆ గూడెం మీదుగా పోతూ ఆ చెట్టు దగ్గర ఆగాను. ఎండ ఇంకా రాలేదు. జోగమ్మ ఒంగి పువ్వు ఏరుతోంది. పటేలు అటుగా మేకల్ని తోలుకుపోతూ నన్ను చూసి నిలబడ్డాడు. ఆమె తల ఎత్తింది, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆయనతో ఏదో అంది.

"నిన్ను ఒక మాట అడగమంటంది చెల్లె" అన్నాడు పటేలు. "నువ్వు చెప్పే ఆ రాజు ఉన్నడు గదా, ఆయనకు మా మాట వస్తదా అని."

అన్ని మాటలూ వస్తాయి అని నోటిదాకా వచ్చింది. అయ్యగారైతే అదే చెప్పేవారు, తప్పు కూడా కాదు. కాని రెండు వారాల క్రితం ఈ చెట్టు కిందే నేను ఆ రాజు తరఫున మాట్లాడాను. ఆపుకున్నాను.

"అది నాకు తెల్వదన్నా. కాని ఆయనైతె, ఈమె చెప్పేది అయిపోయేదాక లేవడు. గట్ల చెప్పు" అన్నాను.

పటేలు చెప్పాడు. జోగమ్మ గంప దించింది. చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చుని, చెయ్యి ఇంటి వైపు చూపిస్తూ, ఆ రోజు చెప్పిందంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. మామ చావు, భర్త కాలు, చెట్టు. పటేలు మేకల్ని వదిలేసి ఒక్కో మాటా నాకు తెలుగులో చెబుతూ పోయాడు.

నేను సంచి పక్కన పెట్టి కూర్చున్నాను. మా చుట్టూ పువ్వు రాలుతూనే ఉంది. ఆమె చెప్పడం అయిపోయేదాకా నేను లేవలేదు.